మందారం మన చేతి చలవ

హౌరా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా మన విశాఖకు వచ్చే రైలుమార్గంలో సంత్రాగాఛి పెద్ద స్టేషను. కోల్‌కతా వెళ్లొచ్చే తెలుగువాళ్లు చాలామంది రైలు ఎక్కేదీ దిగేదీ ఇక్కడే. ఇదే దారిలో ఖరగ్‌పూర్ వైపు సాగితే బాగ్నాన్, దేవుల్టి, కోలాఘాట్, పాంశ్కుడా వస్తాయి. తెలుగు పాఠకులు తమ రచయితే అనుకుని చదివిన బెంగాలీ నవలాకారుడు శరత్ ఇల్లు కట్టుకున్న పల్లె దేవుల్టి స్టేషనుకు దగ్గర్లోనే ఉంది. హౌరా, తూర్పు మేదినీపూర్ జిల్లాల్లో ఈ రైలుపట్టాల పొడవునా రూప్‌నారాయణ్ నది ఒండ్రునేలల్లో పూలతోటలు విస్తారంగా ఉంటాయి. అక్కడి రైతులు కోసిన పూలు తెల్లవారకముందే లోకల్ రైళ్లలో సంత్రాగాఛి దాటి హౌరా చేరతాయి. అక్కణ్నుంచి హుగ్లీ నదికి అవతల, హౌరా వంతెన పక్కనున్న మల్లిక్ ఘాట్ పూల సంతకు పోతాయి.

ఆ సంతలో బంతిపూలు, గులాబీలు, లిల్లీలు విచ్చుకున్నవే గంపల్లో కనిపిస్తాయి. ఎర్ర మందారం మాత్రం మొగ్గగానే అమ్ముడుపోతుంది. బెంగాలీలు దీన్ని జబా అంటారు. కాళీమాతకు ప్రీతిపాత్రమైన పూవని నూట ఎనిమిది మొగ్గలు గుచ్చిన దండ వేస్తారు. కాళీఘాట్, దక్షిణేశ్వర్ గుళ్లలో ఏడాది పొడవునా ఈ దండలకు గిరాకీ ఉంటుంది. దీపావళి అమావాస్యనాడు వచ్చే కాళీపూజకు ధర చుక్కలనంటుతుంది. అప్పటికి చలిగాలి మొదలై చెట్టు మీద పూత తగ్గుముఖం పట్టడం కూడా అందుకు ఒక కారణం.

మొగ్గగా ఎందుకు అమ్ముతారంటే, మందారం ఆయుష్షు ఒక్క పగలు. పొద్దున విచ్చుకున్న పూవు సాయంత్రానికి ముడుచుకుపోతుంది. ఈ మొక్కకు ఇంకా రెండు ప్రత్యేకతలున్నాయి. మన పెరళ్లలో ఉండే ఎర్ర మందారం దాదాపుగా కాయ కాయదు, విత్తనం ఇవ్వదు. ఇది తనంతట తాను పెరిగే అడవి అంటూ ఎక్కడా లేదు. ఒక్కరోజు పూవు, విత్తనం కట్టని కొమ్మ, సొంత అడవి లేని జాతి అయినా భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్న వెచ్చని దేశాలన్నింటిలో ఇంటింటా ఉంది. ఒకరు కొమ్మ విరిచి ఇస్తే మరొకరు నాటుకుంటూ వచ్చినందువల్లనే ఇది ఇన్నాళ్లు నిలిచింది. మందారం గురించి తెలుసుకోవలసిన విషయాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదేనని నా నమ్మకం.

పూవును విప్పి చూస్తే

ఒంటిరెక్క ఎర్ర మందారాన్ని ఒకటి కోసి పళ్లెంలో పెట్టుకోండి. కాడను ఆనుకుని ముందుగా సన్నని ఆకుపచ్చ పోగుల వరస కనిపిస్తుంది. వాటికి లోపల గొట్టంలా అతుక్కున్న ఐదు రక్షకపత్రాలు ఉంటాయి. రక్షకపత్రాలకు కింద ఇలా మరో పచ్చని వలయం ఉండటం మందార కుటుంబానికి గుర్తు. వీటిని చీల్చి తీస్తే ఐదు ఎర్రరేకులు బయటపడతాయి. ఒక్కో రేకు ఒక అంచు పక్కరేకు మీద, రెండో అంచు ఇటు పక్కరేకు కింద ఉండేలా వరసగా అమరి ఉంటుంది. మొగ్గలో ఇవి మడిచిన గొడుగులా మెలి తిరిగి ఉంటాయి, విచ్చుకునేటప్పుడు ఆ మెలి విప్పుకుంటాయి.

ఇక పూవు మధ్యనుంచి ముందుకు పొడుచుకొచ్చే పొడవాటి కాడ. చాలామంది దీన్ని ఒకే అవయవం అనుకుంటారు. బ్లేడుతో నిలువునా సన్నగా చీల్చండి. పైన కనిపించేది కేసరాల కాడలన్నీ కలిసిపోయి ఏర్పడిన గొట్టం. దాని ఒంటినిండా చిన్నచిన్న కాడలు, వాటి కొసన పసుప్పచ్చని పుప్పొడి తిత్తులు ఉంటాయి. ఆ గొట్టం లోపలినుంచి సన్నని దారంలాంటి కీలం సాగి, కొసన ఐదుగా చీలి, ఒక్కో చీలిక చివర ఎర్రని మఖమలు గుండులా తేలుతుంది. పుప్పొడిని అందుకునే భాగం అదే. దారం వెంట కిందికి దిగితే అండాశయం తగులుతుంది. దాన్ని అడ్డంగా కోస్తే ఐదు గదులు కనిపిస్తాయి. సూక్ష్మదర్శిని ఉంటే పుప్పొడి రేణువుల మీద ముళ్లు కూడా చూడొచ్చు. రేణువులు బాగా పెద్దవి, కాబట్టి బడిలో ఉండే మామూలుదే సరిపోతుంది.

ఇంత పెద్ద పూవుకు వాసన లేదు. పక్షులను పిలిచే పూలకు ఇది సాధారణ లక్షణం. తేనెటీగలు ఎరుపును సరిగా పోల్చుకోలేవు, పక్షులు పోల్చుకుంటాయి. మందారం తేనె రక్షకపత్రాల లోపలి అడుగున ఊరుతుంది. మన తోటల్లో తేనెపిట్టలు పొడవాటి ముక్కుతో ఆ అడుగుదాకా అందుకుంటాయి. ఒక్కోసారి పూవు ముందునుంచి రాకుండా రేకుల మొదట్లో పక్కనుంచి పొడిచి తేనె లాగేస్తాయి.

ఒక్క పగటి బతుకు

మర్నాడు విచ్చుకోవలసిన మొగ్గ ముందురోజు సాయంత్రానికే నిండుగా ఉబ్బి, కొస ఎర్రబారి ఉంటుంది. రాత్రంతా రేకుల కణాలు నీళ్లు పీల్చుకుని సాగుతాయి. తెల్లవారేసరికి ఆ ఒత్తిడికి మెలి విడిపోతుంది. విచ్చుకున్నాక కోసిన పూవును నీళ్లలో పెట్టినా, నేల మీద పెట్టినా దాదాపు ఒకే వేళకు ముడుచుకుంటుంది. ఎంతసేపు ఉండాలన్నది పూవు లోపలే రాసిపెట్టి ఉంది.

ఆ ముగింపును ముందుకు నడిపేది ఇథిలీన్ అనే వాయువు. అరటిగెల, మామిడికాయ పండటానికి కారణమయ్యేది కూడా ఇదే. మధ్యాహ్నం దాటాక మందారపూవులో ఇథిలీన్ ఉత్పత్తి పెరుగుతుంది. రేకుల కణాల పొరలు బలహీనపడి నీళ్లు కారిపోతాయి. రేకులు లోపలికి చుట్టుకుని, ఎరుపులో నీలి ఛాయ దేరి, మర్నాటికి మొత్తం పూవు రాలిపోతుంది. ఒక పూవు నాలుగు రోజులు నిలవాలంటే చెట్టు దానికి రోజూ నీళ్లు, చక్కెరలు పంపాలి. ఎండలు మండే చోట అంత పెద్ద రేకులను పోషించడం చెట్టుకు భారం. రోజుకో కొత్త పూవు పూసి పాతదాన్ని వదిలేయడమే దానికి తేలిక.

పూలరైతు చేసే పనికీ లెక్క ఇక్కడే ఉంది. తెల్లవారి విచ్చుకునే దాకా ఆగితే సరుకు సంతకు చేరేలోపే దాని జీవితంలో సగం అయిపోతుంది. అందుకే మొగ్గను విచ్చుకోకముందే కోసి, చల్లగా, తడిగుడ్డ కింద ఉంచి పంపుతారు. ఇంట్లో పూజకు దాచుకోవాలన్నా ఇదే పద్ధతి: ముందురోజు సాయంత్రం నిండుమొగ్గ కోసి చల్లనిచోట పెడితే మర్నాడు పనికొస్తుంది.

అడవి లేని చెట్టు

ఈ మొక్కకు 1753లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయనామం హైబిస్కస్ రోజా-సైనెన్సిస్, అంటే చైనా గులాబి. అంతకుముందే, 1678 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడిన హోర్టస్ మలబారికస్ గ్రంథంలో కేరళ తీరపు మొక్కల మధ్య దీని బొమ్మ వేశారు. సంస్కృతంలో దీన్ని జపాకుసుమం అన్నారు. నవగ్రహ స్తోత్రంలో సూర్యుడి ఎరుపును ఈ పూవుతోనే పోల్చారు. ఇన్ని తరాలుగా ఇక్కడ ఉన్నా, మన అడవుల్లోగానీ చైనా అడవుల్లోగానీ తనంతట మొలిచిన మందారం దొరకలేదు.

ఇటీవలి పరిశోధనలు దీని పుట్టిల్లు పసిఫిక్ దీవులని సూచిస్తున్నాయి. వనువాటుకు చెందిన కూపరీ, తాహితీకి చెందిన కౌటే అనే రెండు మందార జాతుల సంకరంగా, యూరపువాళ్లు సముద్రాలు దాటకముందే అక్కడి ద్వీపవాసుల తోటల్లో ఇది పుట్టిందన్నది ఆ శాస్త్రవేత్తల మాట. అక్కణ్నుంచి పడవల మీద దీవి నుంచి దీవికి, ఆపైన ఆసియా తీరాలకు కొమ్మలుగా ప్రయాణించింది. తరతరాలుగా సంకరం మీద సంకరం జరగడంతో క్రోమోజోముల సంఖ్య రకానికీ రకానికీ మారిపోయింది. విత్తనం సరిగా కట్టకపోవడానికి ఇదొక కారణం.

మొక్కలు ఇలా దేశాలు దాటే పనికి సంత్రాగాఛి పొరుగునే ఒక పెద్ద కేంద్రం వెలిసింది. అది 1787లో మొదలైన శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్. ఇప్పుడు దాని పేరు ఆచార్య జగదీశ్ చంద్రబోస్ భారత వృక్షోద్యానం. 1793లో దాని బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు పదేళ్లకు పైగా మన సామర్లకోటలో ఉండి, అక్కడ తోట వేసి, కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు వేయించినవాడు. ఆ బొమ్మల గ్రంథం 1795 నుంచి లండన్‌లో వెలువడింది. గోదావరి తీరానికీ హుగ్లీ తీరానికీ మధ్య మొక్కల రాకపోకలు ఇవాళ్టికీ ఆగలేదు. కడియం, కడియపులంక నర్సరీల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారే కోలాఘాట్, బాగ్నాన్ పక్కనుంచి కూడా సాగుతుంది.

ఒకే కొమ్మకు రెండు రంగులు

విత్తనం లేకుండా కొమ్మతోనే పెరిగే చెట్టు అచ్చం తల్లిచెట్టులాగే ఉండాలి. అలాంటప్పుడు ఇన్ని రకాలు ఎక్కణ్నుంచి వచ్చాయి?

రామకృష్ణ పరమహంస జీవితంలో ఒక ప్రసిద్ధ ఘట్టం ఉంది. దక్షిణేశ్వర్‌లో ఆయన భక్తుడు మథుర్‌బాబు ఒకనాడు, దేవుడైనా తన నియమాలకు కట్టుబడవలసిందేనని, ఎర్రమందారం చెట్టుకు తెల్లపూవు పూయించలేడని వాదించాడు. మర్నాడు రామకృష్ణులు తోటలో ఒకే కొమ్మకు రెండు రెమ్మల మీద ఒక ఎర్రపూవు, ఒక తెల్లపూవు చూసి, ఆ కొమ్మ విరిచి తెచ్చి మథుర్‌బాబు ముందు పెట్టారు. భక్తులు దీన్ని దైవలీలగా చెప్పుకుంటారు. వృక్షశాస్త్రం కూడా ఇలాంటిది జరుగుతుందనే చెబుతుంది. చిగురులో ఒక్క కణంలో రంగుకు సంబంధించిన జన్యువు మారితే, ఆ కణం నుంచి పెరిగిన రెమ్మ అంతా కొత్త రంగు పూస్తుంది. దీన్ని మొగ్గలో వచ్చిన ఉత్పరివర్తనం అంటారు. మందారంలో ఇది అప్పుడప్పుడూ కనిపిస్తుంది. అలాంటి రెమ్మను గుర్తుపట్టి, విడిగా నాటిన చేతులే కొత్త రకానికి ప్రాణం పోశాయి. గుర్తించేవాళ్లు లేకపోతే ఆ రెమ్మ మిగతా కొమ్మల్లో కలిసిపోయి ఎప్పుడో ఎండిపోతుంది.

ముద్దమందారం కూడా ఇలాంటి మార్పు ఫలితమే. పూవులో ఏ వలయంలో రేకులు రావాలి, ఏ వలయంలో కేసరాలు రావాలి అన్నది కొన్ని జన్యువులు నిర్ణయిస్తాయి. కేసరాలను తయారుచేయించే జన్యువు పట్టు సడలితే వాటి చోట రేకులు పుడతాయి. ముద్దమందారాన్ని విప్పి చూస్తే సగం రేకుగా, సగం కేసరంగా ఉన్న భాగాలు దొరుకుతాయి. చిన్న రేకు అంచున పుప్పొడి తిత్తి అతుక్కుని ఉంటుంది. కోల్‌కతాలో పంచముఖీ జబా పేరుతో కాళికి అర్పించేది ఈ ముద్దపూల రకమే.

ఇక పసుపు, నారింజ, ఊదా రంగుల్లో అరచేతికన్నా పెద్దగా పూసే సంకర రకాలు పుప్పొడిని చేత్తో అంటించి, దొరికిన కొద్ది విత్తనాలను మొలిపించి ఎంపిక చేసినవి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ మనదేశంలో ఈ పని చేసింది. వీటిలో చాలావాటిని మొండి జాతి వేరు మీద అంటుకట్టి అమ్ముతారు. చూడ్డానికి కన్నులపండుగే, కానీ మన ఎండకూ వానకూ నాటు ఎర్రమందారమంత తట్టుకోవు.

గోంగూర ఇంటిపేరు

మందారం, గోంగూర ఒకే ప్రజాతికి చెందినవి. గోంగూరనే పుంటికూర అనీ అంటారు, దాని శాస్త్రీయనామం హైబిస్కస్ సబ్దరిఫా. నార కోసం వేసే గోగు హైబిస్కస్ కన్నాబినస్. బెండ, పత్తి, గంగరావి కూడా ఈ కుటుంబానివే. బెండకాయ కోస్తే తగిలే జిగురే మందారాకు నలిపితే చేతికి అంటుతుంది. మందారకొమ్మను విరవబోతే బెరడు తెగకుండా నారగా సాగుతుంది. అదే గుణం గోగులో పంటగా ఉపయోగపడింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు సాగుచేశారు, ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానంలో దాని మీద పరిశోధన చేశారు. బెంగాల్‌లో గోగునారను మెస్తా అంటారు, జనపనారతో పాటు మిల్లులకు పంపుతారు. హుగ్లీ ఒడ్డు జనపనార మిల్లుల్లో పనిచేయడానికి ఉత్తరాంధ్ర నుంచి వలసపోయిన తెలుగు కుటుంబాలకు ఆ నార చిన్నప్పటినుంచీ ఎరుకే.

వాడకంలో నిజమెంత

మందారాకు రుబ్బి తలకు పట్టించడం మన అమ్మమ్మల నాటి అలవాటు. ఆకులోని జిగురు మురికిని, జిడ్డును వదిలిస్తుంది, జుట్టు చిక్కు లేకుండా జారుతుంది. ఇంతవరకు ఎవరింట్లోనైనా చూసుకోగలిగిన ఫలితమే. జుట్టు మొలిపిస్తుందా అన్నదాని మీద చెన్నై శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పరిశోధన 2003లో వెలువడింది. అందులో పూల సారంకన్నా ఆకుల సారం మెరుగ్గా పనిచేసింది. ఎలుకలో కనిపించింది మనిషిలోనూ అంతే జరుగుతుందని చెప్పడానికి అది చాలదు. బట్టతల మీద జుట్టు తెప్పిస్తామని సీసా అమ్మేవాళ్ల మాట నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. పెరట్లో ఆకు ఉంటే తలంటుకు వాడుకోవడం మాత్రం మంచి అలవాటే.

మందార టీ విషయంలో ఒక పొరపాటు విస్తృతంగా జరుగుతోంది. రక్తపోటు తగ్గిస్తుందని పేరున్న ఎర్రని పుల్లటి పానీయం పెరటి మందారంతో చేసింది కాదు. అది పుంటికూర జాతి మొక్క పూవు రాలిపోయాక కండపట్టి మిగిలే ఎర్రని రక్షకపత్రాలతో కాచేది. 2010లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో కాస్త రక్తపోటు ఉన్న 65 మంది మీద దీన్ని పరీక్షించారు. ఆరు వారాలు రోజుకు మూడు కప్పులు తాగినవాళ్లలో పైఅంకె సగటున 7 పాయింట్లు తగ్గింది. ఈ ఫలితాన్ని పెరటి మందారానికి అంటగట్టకూడదు. అంతేకాదు, మందారపూల సారం గర్భధారణను అడ్డుకుంటుందని 1970లలోనే మనదేశంలో ఎలుకల మీద చేసిన పరీక్షల్లో తేలింది. గర్భిణులు, బిడ్డ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు దీన్ని కషాయంగా తాగకపోవడం మంచిది. రక్తపోటు మందులు వేసుకునేవాళ్లు ఏ కషాయమైనా డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.

పిల్లలకు చూపించదగిన ప్రయోగం ఒకటి ఉంది. ఎర్రమందారం రేకులు నాలుగైదు వేడినీళ్లలో వేసి, రంగు దిగాక వడకట్టి రెండు గాజుగ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం పిండితే ముదురు గులాబిరంగుకు తిరుగుతుంది. రెండోదాంట్లో సున్నపు తేట పోస్తే ఆకుపచ్చ అవుతుంది. రేకుల్లోని ఆంథోసయనిన్ అనే రంగుపదార్థం ఆమ్లంలో ఒకలా, క్షారంలో ఒకలా రూపం మార్చుకోవడమే ఇందుకు కారణం. ఏడో తరగతి సైన్సు పాఠంలో చదివే సూచిక ఇదే. వంటింట్లో చూపిస్తే జీవితాంతం గుర్తుంటుంది.

కొమ్మ నాటేదెలా

వానాకాలం మొదలయ్యాక కొమ్మ నాటడం తేలిక. మరీ లేత చిగురు, మరీ ముదురు కట్టె రెండూ పనికిరావు. పెన్సిల్ మందాన, సగం ముదిరిన కొమ్మను అర అడుగు పొడవున తీసుకోవాలి. కింది కోత కణుపుకు కాస్త దిగువన ఏటవాలుగా ఉండాలి. వేళ్లు ఎక్కువగా పుట్టేది కణుపు దగ్గరే. కొసన రెండాకులు ఉంచి, వాటినీ సగానికి కత్తిరించాలి. వేళ్లు లేని కొమ్మ ఆకులద్వారా నీళ్లు కోల్పోకుండా ఉండటానికే ఈ పని. ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన కుండీలో రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చి, నీడలో పెట్టి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి కప్పితే తేమ నిలుస్తుంది. నెల, నెలన్నరకు వేళ్లు వస్తాయి. కొత్త చిగురు కనబడగానే లాగి చూడొద్దు, లేత వేళ్లు తెగిపోతాయి.

మందారానికి ఎండ కావాలి. రోజుకు ఆరుగంటల ఎండ లేనిచోట ఆకులు పెరుగుతాయి, మొగ్గలు రావు. నీళ్లు నిలిచే నేలలో వేళ్లు కుళ్లుతాయి. హౌరా చుట్టుపక్కల పల్లపు నేలల్లాంటి చోట కట్ట ఎత్తు చేసి, పక్కన కాలువ తీసి నాటుకోవాలి. నేల కొంచెం ఆమ్లంవైపు ఉంటే మంచిది. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇనుము అందక లేత ఆకులు ఈనెలు తప్ప మిగతాదంతా పసుపెక్కుతాయి. పశువుల ఎరువు, వర్మికంపోస్టు క్రమంగా వేస్తూ ఉంటే ఇది సర్దుకుంటుంది. పూలమొక్క అనగానే భాస్వరం ఎక్కువగా వేయడం చాలామంది చేసే పని. మందారానికి భాస్వరం తక్కువ, పొటాష్ ఎక్కువ కావాలి.

కత్తిరింపు మీద భయం వద్దు. పూవు వచ్చేది కొత్త రెమ్మల ఆకుపంగల్లోనే. సంక్రాంతి దాటి చలి తగ్గాక ప్రతి కొమ్మనూ మూడోవంతు కత్తిరిస్తే, ఒక్కో కోత కింద రెండుమూడు రెమ్మలు పుడతాయి. ఎన్ని రెమ్మలు పుడితే అన్ని మొగ్గలు. మన ఎండాకాలంలో కుండీలకు మధ్యాహ్నం కాస్త నీడ, మొదట్లో ఎండుటాకుల కప్పు, ఉదయం తప్పకుండా నీళ్లు ఉండాలి. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే మొగ్గలన్నీ రాలుతాయి. నీళ్లు సరిగ్గా పోస్తున్నా మొగ్గ పసుపెక్కి రాలుతుంటే దాన్ని చీల్చి చూడండి. లోపల సన్నని పురుగులుంటే మొగ్గలో గుడ్లు పెట్టే చిన్న ఈగ పని అది. మల్లెమొగ్గలను పాడుచేసేదీ ఈ ఈగే. దాని పురుగులు మట్టిలోకి దిగి మళ్లీ ఈగలవుతాయి కాబట్టి రాలిన మొగ్గలను రోజూ ఏరి నాశనం చేయాలి.

పిండినల్లి, దాని శత్రువు

మందారం పెంచే ప్రతివాళ్లకూ ఎదురయ్యే శత్రువు పిండినల్లి. బెంగాల్ రైతులు దోయె పోకా అంటారు. చిగుళ్ల మీద తెల్లటి పిండిలా చేరి రసం పీలుస్తుంది, చిగురు ముడుచుకుని గిడసబారుతుంది. దాని విసర్జన తియ్యగా ఉండటంతో చీమలు చేరి, శత్రువులు రాకుండా దానికి కాపలా కాస్తాయి. చీమల బారు కనబడిందంటే పిండినల్లి వచ్చినట్టే.

1994లో మన ఆసియాకు చెందిన గులాబిరంగు పిండినల్లి కరీబియన్ సముద్రంలోని గ్రెనడా దీవికి చేరింది. సహజ శత్రువులు లేని ఆ దీవిలో మందారాలతో మొదలుపెట్టి పండ్లతోటలు, అడవిచెట్ల దాకా నాశనం చేసింది. పురుగుమందులు ఆపలేకపోయాయి. చివరికి పిండినల్లి మీదే బతికే ఒక చిన్న కందిరీగను, క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును తెచ్చి వదిలాక అదుపులోకి వచ్చింది. ఈ అక్షింతల పురుగు పుట్టిల్లు ఆస్ట్రేలియా. మనదేశానికి 1898లోనే దీన్ని తెచ్చారు.

ఈ పురుగు పిల్లదశలో ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. తెలియక దాన్నే ముందు చంపేస్తుంటాం. తేడా పోల్చుకోవడం కష్టమేమీ కాదు. పిండినల్లి ఒకచోట అంటుకుని ఉంటుంది, పుల్లతో కదిపితే బద్ధకంగా జరుగుతుంది. అక్షింతల పురుగు పిల్ల దానికన్నా పెద్దది, పోగులు పొడవు, చురుగ్గా పాకుతుంది. అది కనబడితే మందు కొట్టకుండా వదిలేయండి, మీ పని అదే చేసిపెడుతుంది. లేనప్పుడు పట్టిన చిగుళ్లు కత్తిరించి సంచిలో కట్టి పారేయడం, పైపుతో గట్టిగా నీళ్లు కొట్టడం, లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయడం, మొదట్లో చీమలు ఎక్కకుండా చూడటం సరిపోతాయి. దేవుడి ముందు పెట్టే పూవు మీద, తేనెపిట్ట ముక్కు పెట్టే పూవు మీద, తలకు రుద్దుకునే ఆకు మీద విషం చల్లడం ఏ రకంగానూ సమంజసం కాదు.

మలేసియా 1960లో మందారాన్ని జాతీయపుష్పంగా ఎంచుకుంది. కోల్‌కతాలో అది అమ్మవారి పూవు. మన ఊళ్లలో ప్రహరీ పక్కన అడక్కుండా ఉండే చెట్టు. ఇప్పుడు ఆ ప్రహరీలే పోతున్నాయి. పాత ఇల్లు కొట్టి అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు ముందు నరికేది పెరటిచెట్లనే. నర్సరీల్లో ఆ చోటును అంటుకట్టిన రంగురంగుల సంకర రకాలు తీసుకుంటున్నాయి. వరి, జొన్నల పాత విత్తనాలను ఆరబెట్టి శీతల గిడ్డంగుల్లో దాచవచ్చు. విత్తనం కట్టని నాటు మందారాన్ని అలా దాచలేం. అది బతికున్న చెట్టుగా ఎవరో ఒకరి మట్టిలో ఉండవలసిందే. మీ అమ్మమ్మ ఇంటి ఎర్రమందారం ఇంకా ఉంటే, ఈ వానాకాలం దాని నుంచి నాలుగు కొమ్మలు తీయండి. రెండు మీరు నాటుకోండి, రెండు పక్కింటికి ఇవ్వండి.